బ్యాటరీ స్కూటర్‌తో విమాన ప్రయాణం

ప్రశ్న: మోకాళ్ల జబ్బుతో నడవలేని మా అమ్మగారు లిథియం బ్యాటరీ గల మొబిలిటీ స్కూటర్ వాడుతున్నారు. ఆమెను విశాఖపట్నం నుంచి ఢిల్లీకి విమానంలో తీసుకువెళ్లాలి. స్కూటర్‌ను అనుమతిస్తారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అనుమతిస్తారు. అయితే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం, మీకు కావలసిన సహాయాన్ని ప్రయాణానికి కనీసం 48 గంటల ముందే విమానసంస్థకు తెలియజేయాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, స్కూటర్ కొలతలు, బరువు, బ్యాటరీ వివరాలు ఈ-మెయిల్‌లో పంపి, వచ్చిన జవాబును ముద్రించి వెంట ఉంచుకోండి. కౌంటర్‌లో ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

చిక్కు వచ్చేదల్లా బ్యాటరీతోనే. వోల్టులను ఆంపియర్-అవర్లతో హెచ్చిస్తే వాట్-అవర్లు వస్తాయి; ఉదాహరణకు 24 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సామర్థ్యం 240 వాట్-అవర్లు. ఊడదీయగల లిథియం బ్యాటరీ ఒక్కటే అయితే 300, రెండు ఉంటే ఒక్కొక్కటి 160 వాట్-అవర్లకు మించకూడదు. ఊడదీసిన బ్యాటరీని దాని టెర్మినళ్లకు (తీగలు తగిలించే లోహపు కొనలకు) టేపు చుట్టి, సంచిలో పెట్టి క్యాబిన్‌లోకే తీసుకువెళ్లాలి తప్ప లగేజీలో వేయకూడదు. దానిమీది లేబుల్ చెరిగిపోయి ఉంటే తయారీదారు నుంచి ధ్రువపత్రం తెప్పించుకోవడం మంచిది.

హైదరాబాద్‌లో విమానం మారవలసి వస్తే రెండు విమానాల మధ్య తగినంత వ్యవధి ఉండేలా టికెట్ తీసుకోండి. ఏటీఆర్ వంటి చిన్న విమానాల సరుకుల తలుపు ఇరుకుగా ఉంటుంది కనుక, మీ స్కూటర్ అందులో పడుతుందో లేదో టికెట్ కొనకముందే అడగండి. విమానం మెట్లు ఎక్కలేనివారికి అంబులిఫ్ట్ (విమానం తలుపు దాకా పైకెత్తే వాహనం) కావాలని కూడా అప్పుడే చెప్పాలి. ఢిల్లీలో స్కూటర్ చేతికందగానే నడిపి చూసి, దెబ్బతిన్నదని తేలితే విమానాశ్రయం విడిచి వెళ్లకముందే లిఖితపూర్వకంగా ఫిర్యాదు నమోదు చేయించండి.