రోగులకు సేవ చేస్తే ప్రకృతి వరణం ఆగిపోతుందా?

"జబ్బుపడినవాళ్లందరినీ బతికించుకుంటూ పోతే ప్రకృతి వరణానికి అడ్డుపడినట్టే కదా, మనిషి జాతి బలహీనపడదా" అని ఒకరు అడిగారు. ప్రకృతి వరణం (నేచురల్ సెలెక్షన్) అంటే పరిస్థితులను తట్టుకునే జీవులే ఎక్కువగా బతికి పిల్లల్ని కనడం, అలా వాటి గుణాలు తర్వాతి తరాల్లో పెరగడం. మా నాన్నకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు దగ్గరి బంధువొకాయన ఇదే మాట అన్నాడు, కాస్త సైన్స్ చదివినవాడే. ఒళ్లు మండింది. తర్వాత తీరిగ్గా చదువుకుంటే అర్థమైందేంటంటే, ఆ మాటలో దయ లేకపోవడం అటుంచి అసలు లెక్కే తప్పు.

ప్రకృతి వరణం చూసేది ఎవరి జన్యువులు తర్వాతి తరానికి ఎన్ని చేరాయన్నదే. నాన్న మంచాన పడేనాటికే మేం పుట్టి పెరిగి పెద్దవాళ్లమైపోయాం. ఆయన్ని గాలికొదిలేసినా, కంటికి రెప్పలా చూసుకున్నా ఆయన జన్యువుల లెక్కలో తేడా రాదు. ముసలితనంలో వచ్చే జబ్బుల్లో చాలావాటి సంగతి ఇంతే.

మరి పుట్టుకతో వచ్చే జన్యు జబ్బుల సంగతేంటి అంటారు. సరే, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఒక జన్యువు చెడ్డ ప్రతులు (కాపీలు) రెండూ వస్తేనే బయటపడే జబ్బు ఒకటుంది అనుకోండి, అది పది వేల మందిలో ఒకరికి వస్తుంది. అదే పది వేల మందిలో ఒక్క ప్రతిని మోస్తూ ఏ లక్షణమూ లేకుండా తిరిగేవాళ్లు దాదాపు 200 మంది ఉంటారు. అంటే ఆ జన్యువు ప్రతుల్లో నూటికి 99 ఆరోగ్యవంతుల దగ్గరే ఉన్నాయి! రోగి ఒక్కడికి వైద్యం ఆపేస్తే ఏం తగ్గినట్టు? పైగా ఏది చెడ్డ జన్యువో ముందే తేల్చడం కూడా కష్టం, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు జన్యువు రెండు ప్రతులుంటే ప్రాణాల మీదికి తెస్తుంది, ఒక్కటే ఉంటే మలేరియా ముదరకుండా కాపాడుతుంది. ఈ లెక్కలు పట్టించుకోకుండా 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, 1933లో నాజీ జర్మనీ "పనికిరానివాళ్ల"కు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే చట్టాలు తెచ్చాయి. ఆ తర్వాత ఏం జరిగిందో తెలిసిందే.

అసలు సేవ చేయడాన్ని ప్రకృతికి బయట పెట్టి మాట్లాడటమే నాకు వింతగా ఉంటుంది. ఇరాక్‌లోని షానిదార్ గుహలో ఒక నియాండర్తల్ మనిషి (మనకు దగ్గరి బంధువులైన, ఎప్పుడో అంతరించిపోయిన మానవజాతి) అస్థిపంజరం దొరికింది. ఎడమ కంటి దగ్గర గట్టి దెబ్బ, కుడి చెయ్యి ఎండిపోయింది, అయినా ఆ గాయాలు మానిన తర్వాత ఏళ్ల తరబడి బతికాడు, పక్కవాళ్లు చూసుకోకుండా అది సాధ్యమయ్యేది కాదని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆఫ్రికాలోని మటబెలె చీమలైతే చెదపురుగులతో పోరాడి గాయపడ్డ తోటి చీమల్ని పుట్టకు మోసుకొచ్చి గాయాలు నాకుతాయి. అలా నాకనీయకుండా విడిగా ఉంచినప్పుడు ఎనభై శాతం దాకా ఒక్క రోజులోనే చచ్చిపోయాయి, తోటి చీమలు గాయాలు నాకినవాటిలో పది శాతమే పోయాయి. కోలుకున్న చీమ మళ్లీ వేటకు వెళ్తుంది. ఈ గుణాన్ని నిలబెట్టింది ప్రకృతి వరణమే.

డార్విన్ 1871లో ఈ సంగతి తనే ఎత్తాడు. టీకాల వల్ల, వైద్యం వల్ల బలహీనులు కూడా పిల్లల్ని కంటున్నారని ఒప్పుకుంటూనే, వాళ్లను వదిలేయడమంటే మన స్వభావంలోని అత్యంత ఉన్నతమైన భాగాన్ని చెడగొట్టుకోవడమేనని రాశాడు. ఆయనే దశాబ్దాలపాటు రోగిష్ఠి, భార్య ఎమ్మా కనిపెట్టుకుని ఉండేది.

ఇంతకీ రోగి మంచం దగ్గర ప్రకృతి వరణం నిజంగానే నడుస్తుంది, కాకపోతే మనుషుల మీద కాదు. నాన్నకు యూరిన్ పైపు వేసి ఉంచడం వల్ల ఇన్ఫెక్షన్ వచ్చింది, యాంటీబయాటిక్ వేసినా జ్వరం దిగలేదు. క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టులో మందుల పేర్ల పక్కన వరసగా "రెసిస్టెంట్" (లొంగదు) అనే ఉంది, డాక్టర్ మందు మార్చాకే తగ్గింది. మందు వేసిన ప్రతిసారీ లొంగే బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకునేది మిగిలి పిల్లల్ని పెడుతుంది. తక్కువ మోతాదులో వాడితే క్రిములు మొండికేస్తాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు. కాబట్టి టెన్షన్ పడాలంటే దీని గురించి పడండి. ఇంట్లో మంచాన పడినవాళ్లుంటే పైపు ఎప్పుడు తీసేయొచ్చో డాక్టర్‌ని పదేపదే అడగండి, పైపు ముట్టుకునే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోండి, మూత్రం సంచిని ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉంచండి, నేల మీద మాత్రం పెట్టొద్దు. మిగిలిపోయిన పాత యాంటీబయాటిక్ మాత్రలు మీ అంతట మీరు వేయొద్దు.