మేస్త్రీ లెక్కను నమ్మి 12 లక్షల అప్పా?

ప్రశ్న: హైదరాబాద్ రామంతపూర్‌లో మాది 1996లో నాన్నగారు కట్టించిన జీ ప్లస్ వన్ (కింద ఒకటి, పైన ఒక అంతస్తు) ఇల్లు. పోర్టికో స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. కింది గదిలో బీముకు పగులొచ్చింది. ఎలాగూ పని పెడుతున్నాం కదా అని, రిపేరుతో పాటు పైన 600 చదరపు అడుగుల్లో ఒక పోర్షన్ వేసి అద్దెకివ్వాలనుకుంటున్నాం. నెలకు 12 వేలు వస్తుంది. మేస్త్రీ మొత్తం 14 లక్షలు చెప్పాడు. పర్సనల్ లోన్ 8 లక్షలు (14 శాతం, ఐదేళ్లు), మా ఆవిడ బంగారం మీద 4 లక్షలు (10 శాతం), మిగతా 2 లక్షలు ఎఫ్‌డీ నుంచి తీద్దామని ప్లాన్. జీతం చేతికి 78 వేలు. ఇంటి ఖర్చు 45 వేలు, కారు ఈఎంఐ 9 వేలు. 2.2 లక్షల ఎఫ్‌డీ తప్ప వేరే పొదుపు లేదు. స్ట్రక్చరల్ ఇంజినీరు పరీక్షలకు, రిపోర్టుకు కలిపి 35 వేలు అడిగాడు. ‘పిల్లర్లు గట్టిగానే ఉన్నాయి, అది దండగ’ అంటున్నాడు మేస్త్రీ. ఆ 35 వేలు మిగుల్చుకోవచ్చా? ఏ లోన్ ముందు తీసుకోవాలి?

జవాబు: ఇప్పుడే ఏ లోనూ తీసుకోవద్దు. ఇంజినీరుకు మాత్రం 35 వేలూ ఇవ్వండి. ఎఫ్‌డీని కదపకండి.

పాత ఇంటికి పని పెట్టేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేయబోతున్నారు. ఇంటి లోపల ఏముందో తెలియకముందే ఖర్చు 14 లక్షలని తేల్చేశారు. ఆ అంకెకు సరిగ్గా సరిపోయేలా అప్పులు కూర్చారు. ఉన్న కాస్త పొదుపునూ అందులోనే కలిపేశారు. సగం పనిలో బీము చెక్కాక లోపలి చువ్వను తుప్పు సగానికి సగం తినేసిందని తేలితే? మేస్త్రీ ఇంకో రెండు లక్షలు అంటాడు. అప్పుడు మీకు మిగిలేది ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్ ఒక్కటే.

లెక్క చూడండి. పర్సనల్ లోన్ ఈఎంఐ సుమారు 18,600. ఐదేళ్లలో వడ్డీయే దాదాపు 3.17 లక్షలు అవుతుంది. బంగారం మీద వడ్డీ ఏడాదికి 40 వేలు, అంటే నెలకు 3,300. ఇప్పుడు మీకు నెలకు 24 వేలు మిగులుతోంది. అది 2 వేలకు పడిపోతుంది. ఈఎంఐ వచ్చే నెల నుంచే మొదలవుతుంది, అద్దె మాత్రం పని పూర్తయి, టు-లెట్ బోర్డు పెట్టి, మనిషి దొరికాకే. దొరికినా 12 వేలు ఆ ఈఎంఐకే చాలవు.

నా అసలు బాధ అత్యవసర నిధి గురించి. ఈరోజు మీ ఖర్చు, కారు ఈఎంఐ కలిపి 54 వేలు. ఆరు నెలలకు 3.24 లక్షలు ఉండాలి. మీ దగ్గర ఉన్నది 2.2 లక్షలు, అంటే ఇప్పటికే లక్ష తక్కువ. ఈ అప్పులు చేశాక నెల భారం దాదాపు 76 వేలు అవుతుంది కాబట్టి కావలసిన నిధి 4.55 లక్షలకు పెరుగుతుంది. చేతిలో మాత్రం 20 వేలు ఉంటాయి. అప్పు చేసినప్పుడు నిధి పెరగాలి, మీరేమో సరిగ్గా అప్పుడే ఖాళీ చేస్తున్నారు. ఉద్యోగానికి రెండు నెలలు విరామం వచ్చినా, నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా ముందు పోయేది బ్యాంకులో ఉన్న నగలే. (నగలు పెట్టడానికి మీ ఆవిడ ఒప్పుకున్నారో లేదో మీరు రాయలేదు.)

ఇక ఇంజినీరు సంగతి. పిల్లరును చేత్తో తట్టి గట్టిగా ఉందనడం పరీక్ష కాదు. 600 చదరపు అడుగుల్లో ఐదంగుళాల స్లాబు వేస్తే కాంక్రీటే 250 ఘనపుటడుగులు, బరువు సుమారు 17 టన్నులు. గోడలు, ఫ్లోరింగ్, మనుషులు వేరే. రెండు వేల లీటర్ల ట్యాంకు పెడితే ఇంకో రెండు టన్నులు. ఇదంతా దిగేది 1996 నాటి పునాదుల మీదికే. ఇంజినీరు పిల్లర్ పక్కన గుంత తవ్వించి పునాది ఎంత లోతు, ఎంత వెడల్పు ఉందో చూస్తాడు. రీబౌండ్ హ్యామర్‌తో (కాంక్రీటు మీద తాకించి గట్టిదనం చూసే పరికరం), ధ్వని తరంగాలు పంపే అల్ట్రాసోనిక్ పరీక్షతో కాంక్రీటు సత్తా అంచనా వేస్తాడు. చువ్వ తుప్పు పడితే ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. మీ పోర్టికోలో పెచ్చులూడటానికి ఎక్కువగా ఇదే కారణం. దాని మీద ఏదో కెమికల్ కొట్టి ప్లాస్టరింగ్ చేస్తే తుప్పు లోపల పెరుగుతూనే ఉంటుంది, పైకి మాత్రం కనపడదు. పునాదినీ తేలిగ్గా తీసుకోకండి. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది తవ్వుతుంటే ఒక భవనం ఒరిగింది. చివరికి దాన్ని కూల్చేశారు.

ఇంజినీరు మేస్త్రీ తెచ్చిన మనిషి కాకూడదు. మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్సు ఉందో లేదో చూడండి. సంతకం పెట్టిన రిపోర్టు, రిపేరు ఎలా చేయాలో డ్రాయింగు, పని మధ్యలో వచ్చి చూడటం, ఈ మూడూ ఫీజులోనే ఉండేలా ముందే మాట్లాడుకోండి. ఆ 35 వేలు మీకు నెలన్నర మిగులు, ఎఫ్‌డీ ముట్టుకోనక్కర్లేదు. రిపోర్టు చేతిలో ఉంటే ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లను ఒకే పనికి ధర అడగొచ్చు. అప్పుడు వచ్చే అంకెకే అప్పు ఆలోచించాలి.

పై పోర్షన్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టి రిపేరు ఒక్కటే చేయించండి. ఈలోగా ఐదారు నెలలు మిగులును దాచి నిధిని 3.25 లక్షలకు తెండి. అప్పుడూ అప్పు తప్పకపోతే ఇంటి మరమ్మతులకు బ్యాంకులిచ్చే లోన్ అడగండి, పర్సనల్ లోన్ కంటే వడ్డీ తక్కువ. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంటే ఆయన కూడా సంతకం పెట్టాలి. పీఎఫ్ అడ్వాన్సును ఆఖరికి ఉంచుకోండి. చీటీ ఉంటే మొదటి నెలల్లోనే తగ్గించి పాడకండి. పై అంతస్తుకు మున్సిపల్ అనుమతి మాట మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. అది లేకే బ్యాంకు దగ్గరికి వెళ్లకుండా పర్సనల్ లోన్ వైపు చూస్తున్నారేమో అని నా అనుమానం.

ఇంటి బీమా ఉందిలే అనుకోకండి. 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ, నేల కుంగి నష్టం జరిగితే పరిహారం ఇస్తుంది. కానీ ఆ కుంగడానికి డిజైన్ లోపమో, నాసిరకం పనో, కట్టడంలో చేసిన మార్పులో కారణమైతే ఇవ్వదు.

ఎఫ్‌డీ విరగ్గొట్టాల్సిన సందర్భం ఒక్కటే: ఇంజినీరు చూసి ‘ఇవాళే ఆనింపులు (స్లాబుకు, బీముకు కింద తాత్కాలిక ఊతాలు) పెట్టించాలి’ అంటే. ఆయన వచ్చేదాకా పోర్టికో కింద కారు పెట్టకండి, పిల్లల్ని అక్కడ ఆడనివ్వకండి.