పాఠకుల సందేహాలు: రెండో యాంటీస్పైవేర్ కొనాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో విండోస్ 10 కంప్యూటరు ఉంది. ప్లస్‌టూ చదువుతున్న మా అమ్మాయి తెలుగులోను, ఒడియాలోను టైపు చేసుకోవడానికి ఏవో సైట్ల నుంచి ఉచిత ప్రోగ్రాములు దింపుకుంది. అప్పటి నుంచి బ్రౌజరు తెరిస్తే ముక్కూమొహం తెలియని సెర్చ్ పేజీ వస్తోంది. తెర మూలన ‘మీ కంప్యూటరులో వైరస్‌లు ఉన్నాయి’ అన్న హెచ్చరికలు ఆగకుండా వస్తున్నాయి. యాంటీవైరస్ ఉన్నా సరే, యాంటీస్పైవేర్ విడిగా కొనాలని బజారులో షాపువారు అంటున్నారు. ఏది కొనమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ప్రస్తుతానికి ఏదీ కొనవద్దు. షాపువారి మాట ఒకప్పుడు నిజమే. 2000 తొలి సంవత్సరాలలో యాంటీవైరస్‌లు స్పైవేర్‌ను (మనకు తెలియకుండా కంప్యూటరులో చేరి సమాచారాన్ని దొంగిలించే ప్రోగ్రాములను) అంతగా పట్టించుకునేవి కావు కనుక యాడ్-అవేర్, స్పైబాట్ వంటి యాంటీస్పైవేర్‌లను జనం విడిగా వేసుకునేవారు. 2004 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ జెయింట్ అనే చిన్న కంపెనీని కొని, దాని యాంటీస్పైవేర్‌నే విండోస్ డిఫెండర్‌గా మార్చింది. 2012లో వచ్చిన విండోస్ 8 నాటికి అది విండోస్‌తో పాటే వచ్చే పూర్తి యాంటీవైరస్ అయింది. ఈనాడు పేరున్న ఏ యాంటీవైరస్ అయినా రెండు పనులూ చేస్తుంది. నిరంతరం కాపలా కాసే ప్రోగ్రాములు రెండు ఒకేసారి నడిస్తే, ఒకే ఫైలును రెండూ పట్టుకుని పరీక్షించబోయి యంత్రం మందగిస్తుంది తప్ప రక్షణ రెట్టింపు కాదు. అందుకే వేరొక యాంటీవైరస్ వేసుకోగానే డిఫెండర్ తన కాపలాను తానే విరమించుకుంటుంది.

ఇక మీరు చెప్పిన లక్షణాలలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. తెర మూలన వచ్చే హెచ్చరికలు చాలా సందర్భాలలో వైరస్ వల్ల వచ్చేవి కావు. ఏదో ఒక సైటు ‘నోటిఫికేషన్లు పంపవచ్చునా’ అని అడిగినప్పుడు ‘అలౌ’ నొక్కి ఉంటారు. ఆ అనుమతితోనే వారు ప్రకటనలను వైరస్ హెచ్చరికల వేషంలో పంపుతారు. కంప్యూటరులో చెడు ఫైలేదీ ఉండదు కనుక ఎంత ఖరీదైన స్కానర్ అయినా దీనిని ఆపకపోవచ్చు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని సైట్లన్నిటినీ తీసివేయండి. ఆ హెచ్చరిక మీద నొక్కి, అది చూపించే ‘క్లీనర్’ను మాత్రం దింపుకోకండి. రక్షణ ప్రోగ్రామునని చెప్పుకుంటూ తానే తెగులుగా దిగే ఈ మోసం పాతదే. ఇరవై ఏళ్ల క్రితం స్పైషెరిఫ్ అనేది ఇలాగే లేని వైరస్‌లు చూపించి డబ్బు గుంజేది.

సెర్చ్ పేజీ మారడం మాత్రం టైపింగు ప్రోగ్రాముతో పాటు దిగిన యాడ్‌వేర్ (ప్రకటనలు చూపించడానికి దూరే ప్రోగ్రాము) పని కావచ్చు. ముందుగా సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ వరుసలో చూసి, ఆ రోజుల్లో వచ్చిన అపరిచితాలను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. బ్రౌజరులో మీరు పెట్టని ఎక్స్‌టెన్షన్లను (బ్రౌజరుకు తగిలించే చిన్న ప్రోగ్రాములను) తొలగించి, సెట్టింగ్స్‌ను రీసెట్ చేయండి. తరువాత మీ యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ నడపండి. పాత హార్డ్ డిస్కు మీద దీనికి గంటలు పట్టవచ్చు కనుక కరెంటు పోని వేళ చూసుకోవాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్స్‌లో ‘మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’ ఎంచుకోండి. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి, దాగి ఉండే ప్రోగ్రాములకు అడ్డుపడే అవకాశం తక్కువ. సుమారు పావుగంట పని. కంప్యూటరు దానంతటదే రీస్టార్ట్ అవుతుంది కనుక చేస్తున్న పనిని ముందే సేవ్ చేసుకోండి.

రెండో అభిప్రాయం కావాలంటే డబ్బు పెట్టనక్కరలేదు. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే యాడ్‌వ్‌క్లీనర్ ఇటువంటి బ్రౌజరు తగులాటాల కోసమే ఉన్నది. మాల్‌వేర్‌బైట్స్ అనే స్కానర్ ఉచిత రూపం మీరు నడిపినప్పుడు మాత్రమే వెతుకుతుంది, కాపలా కాయదు. కనుక మీ యాంటీవైరస్‌తో దానికి పేచీ రాదు. కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత తొలగింపు సాధనాలు దొరుకుతాయి. ఏదైనా సరే, తయారుచేసిన వారి సైటు నుంచే దింపుకోవాలి. సెర్చ్‌లో మొదట కనబడిన డౌన్‌లోడ్ బటనును నమ్మరాదు.

ఇంతకీ, తెలుగు, ఒడియా టైపింగుకు బయటి ప్రోగ్రామే అవసరం లేదు. 2019 మే నాటి అప్‌డేట్‌తో విండోస్ 10లోనే రెండు భాషలకూ ఫొనెటిక్ (ఇంగ్లీషు అక్షరాలతో, పలికే తీరును బట్టి టైపు చేసే) కీబోర్డులు వచ్చాయి. సెట్టింగ్స్‌లో ఆ భాషలను చేర్చుకుని, వాటి కింద ఫొనెటిక్ కీబోర్డును ఎంచుకుంటే చాలు. ‘ammA’ వంటి ఇంగ్లీషు అక్షరాల అలవాటు ఉన్నవారికి అది వెంటనే పట్టుబడుతుంది. సరిహద్దు ఊళ్ల ఇళ్లలో మూడు నాలుగు భాషలు నడుస్తాయి కాబట్టి ఫాంట్ల పేరిట, కీబోర్డుల పేరిట వచ్చే ఉచిత సరుకు విషయంలో మనవారు మరింత జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం. విండోస్ సెక్యూరిటీలోని యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో ‘పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ ఆన్ చేసి ఉంచితే, ఇటువంటి సరుకులో కొంత గుమ్మంలోనే ఆగిపోతుంది.

మరొకటి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తరువాత ఏడాది పాటు అదనపు భద్రతా అప్‌డేట్లను నమోదు చేసుకున్న వారికి ఇచ్చే ఏర్పాటు జరిగింది. అప్‌డేట్లు అందని విండోస్‌లోని లోపాలను ఏ యాంటీస్పైవేరూ పూడ్చలేదు. మీ యంత్రం తగినదైతే విండోస్ 11కు ఉచితంగానే మారవచ్చు; కాకపోతే షాపులో పెట్టదలచిన డబ్బును కొత్త యంత్రానికి దాచుకోవడం మేలు.

ప్రశ్న: స్పైవేర్‌ను తొలగించాను. అదే కంప్యూటరులో బ్యాంకు పని చేసుకోవచ్చునా?
— రాయగడ పాఠకుడు

జవాబు: వెంటనే వద్దు. తొలగించడానికి ముందే పాస్‌వర్డులు బయటికి పోయి ఉండవచ్చు. శుభ్రంగా ఉన్న వేరొక పరికరం నుంచి మొదట ఈమెయిల్ పాస్‌వర్డు, తరువాత బ్యాంకు పాస్‌వర్డు మార్చండి. అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయించండి. ఎవరో ఫోనులో చెప్పగా ఎనీడెస్క్ వంటి, దూరం నుంచే కంప్యూటరును నడపనిచ్చే రిమోట్ ప్రోగ్రాము వేసి ఉంటే దానిని తప్పక తీసివేయండి. అది చట్టబద్ధమైన ప్రోగ్రాము కాబట్టి స్కానర్ దానిని తప్పు పట్టకపోవచ్చు. ఖాతాలో డబ్బు తగ్గినట్టు కనబడితే బ్యాంకుకు చెప్పి, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయండి. ఒడిశాలోనూ, ఆంధ్రలోనూ అదే నంబరు.