చెవికి తెలిసే తప్పు, కంటికే తెలిసే తప్పు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ కందపద్యాలు చదివాను. వాటి పక్కన ఎవరో ఎర్రసిరాతో పట్టిన తప్పులూ చదివాను. వాటిలో సగం నిజంగా తప్పులే. మిగతా సగం మనసుకు పట్టించుకుంటే మళ్లీ కలం పట్టబుద్ధి కాదు. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న వేసుకో: ఈ నియమం తప్పితే చెవికి తెలుస్తుందా, కంటికేనా? చెవికి తెలిసేదయితే వెంట్రుకవాసి కూడా సడలించకు.

కందానికి 1, 3 పాదాల్లో మూడేసి గణాలు, 2, 4 పాదాల్లో ఐదేసి. అన్నీ నాలుగు మాత్రలవే (లఘువు, అంటే పొట్టి అక్షరం I, ఒక మాత్ర; గురువు, అంటే బరువైన అక్షరం U, రెండు): గగ (UU), భ (UII), జ (IUI), స (IIU), నల (IIII). మొత్తం 64 మాత్రలు. ఇంతవరకు అందరికీ వస్తుంది, కాలుజారేది ఆరో గణం దగ్గర. మొదటి పాదం నుంచి లెక్కపెడితే రెండో పాదంలో మూడోది అదే. అక్కడ నలమో జగణమో ఉండాలి. బేసి గణాల్లో జగణం రాకూడదు. ఎనిమిదోది గురువుతో ముగియాలి. నువ్వు రాసింది చూడు:

వానలు కురిసిన వేళల
మానులు పచ్చగ వెలుగున్ మబ్బుల నడుమన్

రెండో పాదంలో ఇరవై మాత్రలకు ఇరవై ఉన్నాయి. ప్రాస, అంటే పాదాల రెండో అక్షరంలో ఒకే హల్లు, ఉంది. పాదం మొదటి ‘మా’కి ఆ పాదంలోనే నాలుగో గణం మొదటి ‘మ’తో యతి (అక్షరమైత్రి) కుదిరింది. (‘ము’ వేసి ఉంటే కుదిరేది కాదు. హల్లు ఒక్కటే కలిస్తే చాలదు, అచ్చుకీ మైత్రి ఉండాలి.) అయినా పైకి చదివితే ‘గున్’ దగ్గర పాదం అయిపోయినట్టు ఆగుతుంది. ‘వెలుగున్’ సగణం. గురువు మీద దిగే ఆ బరువు ఎనిమిదో గణానిది, దాన్ని నువ్వు ముందే ఖర్చు పెట్టేశావు. ‘వెలుగును’ అను. అవే నాలుగు మాత్రలు, కానీ నాలుగూ లఘువులు కాబట్టి నడక ముందుకు దొర్లుతుంది. అర్థం మారలేదు, మాట మారలేదు. ఇలాంటి చోట పట్టుదల ఉండాలి.

చివర ‘నడుమన్’ బాగుంది. ‘నడుమ’ అంటే మూడే మాత్రలు, ద్రుతం, అంటే మాట చివరి న్, చేరి నాలుగయ్యాయి. ఈ సౌకర్యం రుచి మరిగి వేరే పద్యంలో ‘వచ్చిన్’ అని రాశావు. అది చెల్లదు. ‘వచ్చి’, ‘చేసి’ లాంటి క్త్వార్థకాలు (ఒక పని ముగించి అనే అర్థమిచ్చే అసమాపక క్రియలు) కళలు, అంటే ద్రుతం రాని మాటలు. ‘కొండలున్’ అన్నావు. అది ‘కొండలు కూడా’ అయి కూర్చుంది. మాత్ర కోసం న్ తగిలించే ముందు ఆ మాటకి ద్రుతం ఉందా, అర్థం మారుతోందా అని రెండూ చూసుకో.

ఇక కంటి తప్పులు. అరసున్న (ఁ) పెట్టలేదన్నారు. పెట్టినా మానినా మాత్ర మారదు. ‘చెఱువు’కి ‘తరువు’తో ప్రాస వేశావని కోప్పడ్డారు. ఆ రెండు రకారాలూ వేరువేరుగా పలికిన రోజుల్లో అది చెవి నియమమే. ఇవాళ మన నోట రెండూ ఒకటే. అవధానానికో సంప్రదాయ పోటీకో వెళ్తే మాత్రం పాటించు, అక్కడ ఆట నియమం అది. 1885 నాటి శబ్దరత్నాకరం నిఘంటువులో అరసున్నలూ బండి ఱలూ దొరుకుతాయి.

మూడో ఫిర్యాదు ‘కాగితం’, ‘జేబు’ తెలుగు కావని. వాళ్లతో వాదించకు. సంస్కృతమూ పరభాషల మాటలూ లేని అచ్చతెనుగులో తొలి కావ్యం పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర. దాన్ని అంకితం పుచ్చుకున్నది గోల్కొండ కుతుబ్‌షాహీల కాలపు అమీన్ ఖాన్. అచ్చతెనుగు ఆ కవి తనకు తాను పెట్టుకున్న పందెం, పక్కవాడి పద్యాన్ని కొలిచే గజంబద్ద కాదు. గ్రాంథికం తప్ప ఒప్పుకోమన్న పండితుల రాతల్లోనే గిడుగు రామమూర్తి పంతులు ఎన్ని తప్పులు పట్టారో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ తిరగేస్తే తెలుస్తుంది. అయితే ఒక పద్యంలో ఒక భాషే ఉండనీ. ‘వెలుగును’ పక్కన ‘మెరుస్తాయి’ వద్దు, చెవి గతుక్కుమంటుంది. పైగా దానికి ఆరు మాత్రలు.

నీకు ఎవరూ చెప్పని తప్పు ఒకటుంది. గణం నింపడానికి ‘సొంపుగ’, ‘ఇంపుగ’, ‘వేడుక’ దింపుతున్నావు. వ్యాకరణం ప్రకారం నిర్దోషం, పద్యానికి చెద. ముందు చెప్పదలచింది ఒక వాక్యంలో మామూలుగా రాసుకో. తర్వాత ప్రాస అక్షరం ఎంచుకో. పూర్తయ్యాక ఒక్కో మాటా తీసేసి చూడు. అర్థం చెక్కుచెదరకపోతే అది పూరకమే.

పైన వదిలిన మూడు, నాలుగు పాదాలు కొత్తగా రాసి పంపు. రెండో అక్షరం ‘న’ హల్లే, మొదటిది గురువే. చేను, తేనె, మీను ఉన్నాయి. ‘వెన్న’ కుదరదు, అది ద్విత్వం. ‘వనము’ అసలే వద్దు, దాని మొదటి అక్షరం లఘువు.