జన్‌స్కార్ రాఫ్టింగ్: మీరు అడిగారు, మేం చెబుతున్నాం

లద్దాఖ్‌లోని జన్‌స్కార్ నదిపై రాఫ్టింగ్ (గాలి నింపిన రబ్బరు పడవలో నది దిగడం) గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాస్తే చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగిన వాటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఆఫీసు వాళ్లు ఆరుగురు ఆగస్టులో జన్‌స్కార్‌లో నాలుగు రోజుల రాఫ్టింగ్‌కి వెళ్తున్నారు. నన్నూ రమ్మంటున్నారు. నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉంటుంది కాబట్టి ఈత రాకపోయినా ఫర్వాలేదని టూర్ వాళ్లు అంటున్నారు. నిజమేనా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: సగం నిజం. నురగలు కక్కే నీళ్లలో గాలి కలిసిపోయి ఉంటుంది, అందులో ఎంత బాగా ఈత వచ్చినవాళ్లు చేతులు ఆడించినా పట్టు దొరకదు, తేల్చేది లైఫ్ జాకెట్టే. రాఫ్ట్‌లోంచి పడితే ఎవరైనా చేయాల్సింది ఒకటే: వెల్లకిలా తిరిగి, కాళ్లు నీటి పైకెత్తి, ప్రవాహం ఎటు పోతుంటే పాదాలు అటు పెట్టి పడుకోవడం. లోతు తక్కువగా ఉంది కదా అని లేచి నిలబడకూడదు, అడుగున రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే నీళ్లు మనిషిని ముందుకు వంచేస్తాయి. తాడు విసిరితే తాడునే పట్టుకుని భుజం మీదుగా వేసుకోవాలి, దాంతోపాటు వచ్చే సంచిని కాదు.

మిగతా సగం టూర్ వాళ్లు చెప్పరు. అల ఒక్కసారి మీదపడి కొన్ని సెకన్లు లోపలికి తీసుకెళ్లినప్పుడు, పుట్టాక ఎప్పుడూ తల నీళ్లలో ముంచని మనిషికి ఊపిరి ఆడదన్న భయంతో ఒళ్లు బిగుసుకుపోతుంది, నేర్పినవన్నీ ఆ క్షణంలో మర్చిపోతారు. కాబట్టి ఇంకా టైం ఉండగానే దగ్గర్లోని స్విమ్మింగ్ పూల్‌లో చేరండి. పోటీల్లో ఈదేంత రానక్కర్లేదు, తల ముంచి ఊపిరి బిగపట్టడం, వెల్లకిలా తేలడం అలవాటైతే చాలు.

ఇంకో మాట. మీ మొదటి నది జన్‌స్కార్ కాకూడదు. ముందు రిషికేశ్ వెళ్లి శివ్‌పురి నుంచి ఒక పూట గంగలో దిగి చూడండి. వానాకాలం అని జులై, ఆగస్టుల్లో అక్కడ రాఫ్టింగ్ ఆపేస్తారు కాబట్టి జూన్ లోపే వెళ్లాలి. నది నురగలు కక్కుతూ వేగంగా పారే చోట్లను ర్యాపిడ్లంటారు, వాటికి ఒకటి నుంచి ఆరు వరకు గ్రేడ్లు ఇస్తారు, ఆరు అంటే దాదాపు ఎవరూ దిగకూడనిది. శివ్‌పురి దారిలో పెద్దవి మూడో గ్రేడువి, జన్‌స్కార్‌లోనూ చాలావరకు మూడే, కొన్ని చోట్ల నాలుగు. అంకెలు చూసి రెండూ ఇంచుమించు ఒకటే అనుకుంటారు, మోసపోయేది అక్కడే. శివ్‌పురిలో నది పక్కనే రోడ్డు ఉంది, ఏదన్నా అయితే కాసేపట్లో ఆస్పత్రికి చేరతారు. జన్‌స్కార్ లోయలో రెండు వైపులా నిలువు గోడల్లాంటి కొండలు, కరిగిన మంచు నీళ్లు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. అక్కడ భుజం కీలు తప్పితే బయటపడడానికి ఒక రోజు పట్టొచ్చు. అందుకే మనుషులకు దూరంగా ఉండే నది అయినా, నీళ్లు బాగా చల్లగా ఉన్నా ఆ ర్యాపిడ్‌ను ఒక గ్రేడు ఎక్కువగా లెక్కేసుకోవాలన్నది అనుభవం ఉన్న గైడ్ల పాత పద్ధతి. మీరూ అలాగే లెక్కేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. స్నేహితులతో జన్‌స్కార్ వెళ్తానంటున్నాడు. కచ్చులూరు ప్రమాదం తర్వాత మా ఇంట్లో నది పేరెత్తితేనే గుండె దడ. బియాస్‌లో మన హైదరాబాద్ పిల్లలు పోయిన సంగతీ మర్చిపోలేదు. వద్దంటే వినడు, సరే అనడానికి మనసు ఒప్పుకోవడం లేదు.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ భయం చాలా న్యాయమైనది, దాన్ని తీసిపారేసే మాటలు మేం చెప్పం. మీరన్న ఆ రెండు ఘటనలూ ఒకసారి చూడండి. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండి జిల్లాలో ఆ 24 మంది విద్యార్థులు ఈదడానికో పడవెక్కడానికో వెళ్లలేదు, నీళ్లు తక్కువగా ఉన్న బియాస్‌లో బండల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు, పైన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు చూస్తుండగానే వచ్చి చుట్టేశాయి. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద మీద ఉండగానే పాపికొండల బోటు బయల్దేరి కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఒకచోట పైన డ్యామ్ ఉందని, ఇక్కడ నిలబడొద్దని పిల్లలకు గట్టిగా చెప్పేవాళ్లు లేరు. ఇంకోచోట ఈ రోజు బోటు కదలకూడదని ఆపినవాళ్లు లేరు. కాబట్టి మీ అబ్బాయిని 'వెళ్తావా, మానతావా' అని అడగడం కంటే, 'మిమ్మల్ని తీసుకెళ్లేవాళ్లలో వద్దు అని చెప్పగలిగే మనిషి ఎవరు' అని అడగండి.

డబ్బు కట్టకముందే ఆ కంపెనీకి మీ అబ్బాయి చేతే ఫోన్ చేయించి, స్పీకర్ పెట్టించి మీరూ వినండి. నీళ్లు ఎంత పెరిగితే ట్రిప్ ఆపేస్తారు, అలా ఈమధ్య ఎప్పుడు ఆపారు, ఆపితే డబ్బు వెనక్కిస్తారా? మంచి కంపెనీ దీనికి తడుముకోదు, ఫలానా చోట ఫలానా రాయి మునిగితే దిగం అని సూటిగా చెబుతుంది. 'అలాంటిదేం జరగదండీ, టెన్షన్ పడకండి' అన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. పెద్ద గైడ్ ఇదే నదిలో ఎన్ని సీజన్లు చేశాడో అడగండి. వేరే నదుల్లో పదేళ్లు చేసినా ఈ లోయలో రాళ్లు ఎక్కడున్నాయో తెలియదు కదా. అంతర్జాతీయ రాఫ్టింగ్ సమాఖ్య ఇచ్చే గైడ్ సర్టిఫికెట్, వేగంగా పారే నీళ్లలో మనుషుల్ని కాపాడే శిక్షణ, ప్రథమ చికిత్స శిక్షణ ఉన్నాయా, వాటి గడువు అయిపోలేదు కదా? ఎన్ని రాఫ్ట్‌లు వెళ్తాయి? మారుమూల నదిలో ఒంటరి రాఫ్ట్ ఎక్కకూడదు, అది బోల్తా పడితే అందరూ నీళ్లలోనే, ఆదుకునేవాళ్లుండరు. ముందు వెళ్తూ పడినవాళ్లను అందుకునే సేఫ్టీ కయాక్‌లు (ఒక్కరే నడిపే చిన్న పడవలు) ఎన్ని? చలి నీళ్లకు వెట్‌సూట్ వాళ్లే ఇస్తారా? ఎవరికైనా దెబ్బ తగిలితే ఏ ఊరి దగ్గర నది దాటించి ఏ దారిన బయటికి తెస్తారు?

నది సంగతీ చెప్పాలి. పదుమ్ దగ్గర స్టోద్, త్సరాప్ అనే రెండు నదులు కలిసి జన్‌స్కార్ అవుతాయి, అది లోయ చీల్చుకుంటూ వెళ్లి నిమ్ము దగ్గర సింధులో కలుస్తుంది. రాఫ్ట్‌లు దిగే దారికి పైన డ్యామ్ లేదు, బియాస్‌లో వచ్చినట్టు గేట్లెత్తి వదిలే నీళ్లు ఇక్కడ రావు. కానీ ఎండకు మంచు కరిగి పగలు గడిచేకొద్దీ నీళ్లు పెరుగుతాయి, వాన పడితే కొండల మీంచి రాళ్లు జారతాయి. 2014 డిసెంబర్ 31న త్సరాప్‌కు అడ్డంగా కొండచరియ విరిగిపడి నీళ్లు సరస్సులా నిలిచిపోయాయి, 2015 మే 7న ఆ అడ్డు తెగి కింద వంతెనలు కొట్టుకుపోయాయి. ఇలాంటి కబురు ముందుగా తెలిసేది ఆ లోయ మనుషులకే. అందుకే స్థానిక గైడ్లు ఉన్న జట్టుతో పంపడం మేలని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: నేను డల్లాస్ నుంచి వస్తున్నాను. అమెరికాలో ట్రెక్కింగ్‌కి వాడే గార్మిన్ ఇన్‌రీచ్ శాటిలైట్ పరికరం తెచ్చుకుంటే సేఫ్‌గా ఉంటుంది కదా?
– పాఠకుడు, అమెరికా

జవాబు: తేవద్దు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి మెసేజ్ పరికరాలు దగ్గర ఉంచుకోవడం నేరం, విమానాశ్రయాల్లోనే విదేశీ పర్యాటకులు అరెస్టయిన సందర్భాలున్నాయి. లద్దాఖ్ సరిహద్దు ప్రాంతం కూడా. అత్యవసరంలో కబురు ఎలా పంపుతారో కంపెనీనే అడగండి. మీ వాళ్ల కోసం ఒక సంగతి, మిగతా రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉన్నవాళ్లు ఒక్కరైనా మీ గుంపులో ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది. నదిలో నాలుగు రోజులంటే బాత్రూం సంగతేంటి? మధ్యలో పీరియడ్ వస్తే?
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మొహమాటపడాల్సిన పనే లేదు, వెళ్లే ఆడవాళ్లందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. రాత్రి బస ఒడ్డున ఇసుక మేటల మీద, టెంట్లలో. కాస్త దూరంగా టాయిలెట్ టెంట్ ఒకటి వేస్తారు. మలాన్ని డబ్బాలో మూసి వెనక్కి తీసుకెళ్లే పద్ధతి పాటించే కంపెనీని ఎంచుకోండి, ఆ ఇసుకలోనే మర్నాడు ఇంకో గుంపు వండుకుని తింటుంది. పగలు రాఫ్ట్ మీద ఉన్నప్పుడు ఆపమని గైడ్‌ను అడిగితే నీళ్లు నెమ్మదించిన చోట ఒడ్డుకు తీస్తాడు. అడగండి, రోజూ అతనికి అలవాటే.

మేం ఎక్కువగా భయపడేది వేరే దాని గురించి. బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని మన ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. హైదరాబాద్ నుంచి బస్సులో విజయవాడ వెళ్లేటప్పుడు అలా చేస్తే తలనొప్పితో పోతుంది, మూడు వేల మీటర్ల పైన పొడి గాలిలో చేస్తే ఒంట్లో నీరు తగ్గి నీరసించిపోతారు, ఆ తలనొప్పి దాహానిదో ఎత్తు వల్ల వచ్చిందో కూడా తెలియదు. నీళ్లు తాగాల్సిందే.

పీరియడ్స్‌కి మెన్‌స్ట్రువల్ కప్ అలవాటుంటే చాలా హాయి, నీళ్లలో తడిసినా ఇబ్బంది లేదు. అక్కడికి వెళ్లాక మొదటిసారి వాడి చూడొద్దు, రెండు మూడు నెలల ముందే అలవాటు చేసుకోండి. ప్యాడ్లయితే లోపల జిప్ కవర్, పైన డ్రై బ్యాగ్, వాడినవి ఇంకో కవర్లో వేసి మీతోనే వెనక్కి తేవాలి, అక్కడ పాతిపెట్టొద్దు. తేదీ వాయిదా వేసే మాత్రలు పక్కింటి వాళ్లు చెప్పారని వేసుకోకండి, డాక్టర్‌ని అడిగి వేసుకోండి.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, 61 ఏళ్లు, బీపీకి మందులు వాడుతున్నాను. వెళ్లొచ్చా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ డాక్టర్ ఔనంటే జన్‌స్కార్ ఒడ్డునే ఉన్న చిల్లింగ్ ఊరి నుంచి నిమ్ము వరకు ఒక్క రోజు ట్రిప్ చేయండి. అక్కడ పక్కనే రోడ్డుంది. నాలుగు రోజులది వద్దని మా సలహా. విమానంలో లేహ్ దిగితే అది 3,500 మీటర్ల ఎత్తు, కనీసం రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా విశ్రాంతి తీసుకోండి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది మీ బీపీ మందులు చూసి డాక్టరే చెప్పాలి. ఇన్సూరెన్స్ పాలసీలో సాహస క్రీడలకు బీమా వర్తించదన్న షరతు ఉందేమో కూడా చదవండి, చాలా వాటిలో ఉంటుంది.

ప్రశ్న: పోయిన ఏడాది జన్‌స్కార్ చేశాం. ఇప్పుడు అరుణాచల్‌లో సియాంగ్ చేయాలని ఉంది. మీరేమంటారు?
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: మధ్యలో ఒక మెట్టు ఎక్కి వెళ్లమంటాం, నేపాల్‌లో సున్‌కోసి. దొలాల్‌ఘాట్ నుంచి చతరా దాకా సుమారు 270 కిలోమీటర్లు, ఎనిమిది నుంచి పది రోజులు. మొదట్లో నది చిన్నది, పోనుపోను దూధ్‌కోసి లాంటి ఉపనదులు కలిసి పెద్దదవుతుంది, అలలూ దాంతోపాటే పెరుగుతాయి, కాబట్టి రోజురోజుకీ చేతులు తిరిగి పెద్ద నీళ్లకు అలవాటు పడతారు. వానలు తగ్గాక అక్టోబర్, నవంబర్ నెలలు మంచివి. మనకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు.

సియాంగ్ అంటే టిబెట్ నుంచి దిగే యార్లుంగ్ త్సాంగ్‌పోనే, కిందికెళ్తే బ్రహ్మపుత్ర అవుతుంది. తూతింగ్ నుంచి పాసీఘాట్ వరకు సుమారు 180 కిలోమీటర్లలో నాలుగు, ఐదు గ్రేడ్ల ర్యాపిడ్లున్నాయి, నీళ్ల పరిమాణం జన్‌స్కార్‌తో పోల్చదగ్గది కాదు. అలాంటి నీళ్లలో బోల్తా పడితే ఒడ్డు చాలా దూరం. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యే వెళ్లాలి. అరుణాచల్‌లోకి వెళ్లడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి పత్రం తప్పనిసరి, ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. తూతింగ్ చేరడానికే రోడ్డు మీద చాలా టైం పడుతుంది కాబట్టి ఆఫీసు సెలవులు సరిగ్గా ట్రిప్ రోజులకే పెట్టుకోకండి, అటూ ఇటూ రెండేసి రోజులు ఖాళీ ఉంచుకోండి, లేకపోతే తిరుగు విమానం పోతుందన్న తొందరలో ఆగాల్సిన రోజున కూడా దిగుదాం అని గైడ్ మీద ఒత్తిడి పెట్టేది మీరే అవుతారు.