ఏజెన్సీ మానేస్తానన్న అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

జీవిత బీమా ఏజెన్సీ మానేస్తానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మానాలనుకుంటే మానెయ్, నేనేమీ అడ్డు చెప్పను. కానీ నువ్వు చెప్పిన కారణమే నాకు మింగుడు పడలేదు. "నాకు మాట్లాడటం రాదు, నా దగ్గర ఎవరూ పాలసీ కట్టరు, నా బతుకింతే" అన్నావట. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా తలెత్తి చూడలేదని, బ్రాడీపేటలో ఎవరో టీచరమ్మ తర్వాత చూద్దామందని ఇంత మాటా!

యార్డుకి నువ్వు వెళ్లింది మార్చిలో. అప్పుడక్కడ టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి. కాటాలు, బిల్లులు, డబ్బు కోసం నిలబడ్డ రైతులు. ఆ గుమస్తాకి అన్నం తినే తీరిక ఉండదు. ఆ పూట అతని సొంత అన్న వెళ్లినా అంతే జరిగేది. మే నెలలో యార్డుకి సెలవులిచ్చాక వెళ్లు, కూర్చోబెట్టి మాట్లాడతాడు.

మార్టిన్ సెలిగ్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త నీలాంటి జీవిత బీమా ఏజెంట్లనే పరిశీలించి, 1986లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఏదైనా చెడు జరిగితే దానికి మనసులో ఏ కారణం చెప్పుకుంటారో చూసి, వాళ్లని రెండు సగాలు చేశాడు. మొదటి రెండేళ్లలో ఆశగా చెప్పుకునే సగం, మిగతా సగం కంటే 37 శాతం ఎక్కువ బీమా అమ్మింది. నిరాశపడేవాళ్లు ఏం చేస్తారంటే, ఇవాళ్టి దెబ్బని ఎప్పటికీ ఇంతే అనుకుంటారు, ఒకచోట జరిగిందాన్ని బతుకంతా పులుముతారు, తప్పంతా నెత్తిన వేసుకుంటారు. నీ మాట మళ్లీ చదువుకో. మూడూ ఉన్నాయి.

అందుకని రాత్రిపూట డైరీ తీసి, వద్దన్నవాళ్లు అన్న మాట ఉన్నదున్నట్టు రాయి. దాని కింద నీకు నువ్వు చెప్పుకున్న మాట రాయి. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో నీకే తెలుస్తుంది. ఆ టీచరమ్మ "తర్వాత" అంది, నువ్వు "ఎప్పుడూ" అని విన్నావు. ఆమె అలా అనడానికి ఇంకే కారణాలు ఉండొచ్చో ఆలోచించు. జీతం రాలేదేమో, ఇంట్లో అడగాలేమో. నిజంగా నీ లోపమే అయితే అదీ రాయి, కానీ దిద్దుకోగలిగేలా రాయి. "ప్రీమియం లెక్క అడిగితే తడబడ్డాను" అంటే రేపు నేర్చుకోవచ్చు. "నేనింతే" అంటే ఏం చెయ్యగలం?

అదే పేజీలో ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో కూడా రాయి. ఇలా ఒక్క వారం రాసినవాళ్లలో సంతోషం ఆరునెలల దాకా నిలిచిందని 2005లో సెలిగ్‌మన్ బృందమే చూపించింది. నా మటుకు నాకు ఆ "ఎందుకు" అన్నదే ముఖ్యం. పాత ఖాతాదారు నిన్ను ఇంకొకరి దగ్గరికి పంపాడనుకో, అడిగిన కాగితాలు నువ్వు మర్నాడే తెచ్చిచ్చావు కాబట్టి పంపాడు. ఆ సంగతి నువ్వు మర్చిపోతావు, వద్దన్నవాళ్ల మొహం మాత్రం గుర్తుంచుకుంటావు.

అద్దం ముందు నిలబడి "నేను గొప్ప ఏజెంటుని" అని జపించమని ఎవరైనా చెబితే వినకు. తమ మీద తమకి నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లు అలాంటి మాటలు వల్లిస్తే ఇంకా దిగులుపడుతున్నారని 2009లో కెనడా పరిశోధకులు తేల్చారు.

ఇంకోటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆశ నీ ప్రయత్నం వరకే. పాలసీ కోసం ఇచ్చే ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు పనికిరాదు. షుగరో బీపీయో ఉంటే "ఏం కాదులే" అని దాచొద్దు. మూడేళ్లలోపు పాలసీని ప్రశ్నించే హక్కు బీమా చట్టం 45వ సెక్షన్ కంపెనీకి ఇచ్చింది. నిజం దాచారని వాళ్లు డబ్బు ఇవ్వకపోతే నష్టపోయేది ఆ ఇంటి ఆడపిల్లలు. అక్కడ చెడే ఊహించు, అదే మంచితనం.

అన్నం సహించక, నిద్ర పట్టక రెండు వారాలు దాటితే మాత్రం డైరీలతో కాలం గడపొద్దు. డాక్టర్ని కలువు, లేదా మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యి, డబ్బులేమీ పడవు. నాకైతే ఏ వేళైనా చెయ్యి.

ఆదివారం పొద్దున్నే డైరీ పట్టుకుని ఇంటికి రా. మార్చిలో కలిసినవాళ్లలో మే నెలలో ఎవరి దగ్గరికి మళ్లీ వెళ్లాలో ఇద్దరం కూర్చుని చూద్దాం. భోజనం ఇక్కడే.

మీ పెద్దమ్మ,
గుంటూరు