అమెరికా సుంకం వేస్తే ఉండిలో రొయ్య రేటు ఎందుకు పడిపోతుంది?

"సుంకం కట్టేది అమెరికా వాళ్లు కదా, మన రైతుకు రేటెందుకు తగ్గుతుంది? సాగు తగ్గితే ధర పెరగాలి కదా?" అని, చెరువులు లీజుకు తీసుకోవాలనుకుంటున్న మీరు అడిగారు. నేను పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర పదకొండేళ్లుగా వనామీ రొయ్యల చెరువులు చేస్తున్నాను. నాకు తగిలిన దెబ్బతోనే చెబుతాను.

2025 ఏప్రిల్ 2న అమెరికా మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించింది. జనవరి మొదట్లో చెరువులో వేసిన రొయ్య పిల్ల అప్పటికి 70 కౌంట్‌కి, అంటే కిలోకి 70 రొయ్యలు తూగే సైజుకి వచ్చింది. రెండు రోజుల్లో ఏజెంటు చెప్పే రేటు కిలోకి 40 రూపాయలు పడిపోయింది. అప్పటికి ఆ సుంకం అమల్లోకి కూడా రాలేదు. వారం తర్వాత 90 రోజులు వాయిదా వేశారు. కానీ నేను ఆగలేకపోయాను. రోజూ మేత ఖర్చు, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లకు కరెంటు, దానికి తోడు పక్క చెరువులో రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ రోగం కనిపించింది. ఆ టెన్షన్‌లో మర్నాడు తెల్లవారుజామునే పట్టుబడి పెట్టేశాను. రొయ్యల్ని కొని శుద్ధి చేసే ప్లాంటు వాళ్లకు కోల్డ్ స్టోరేజీ ఉంది, నెలలు ఆగగలరు. మనం వారం కూడా ఆగలేం. రేటు తేలేది అక్కడే.

సుంకం సంగతికొస్తే, చాలా ఒప్పందాల్లో అది కట్టి సరుకు అప్పగించాల్సింది మన ఎగుమతిదారే. కంటైనరు అమెరికా చేరడానికి నెల పైనే పడుతుంది. ముందే రేటు మాట్లాడుకున్న సరుకు సముద్రం మీద ఉండగా సుంకం పడితే ఆ భారం మొదట ఎగుమతిదారు మీద పడుతుంది, ఆయన దాన్ని తర్వాత కొనే రొయ్య రేటులో తగ్గించుకుంటాడు.

ఇక సాగు తగ్గడం గురించి. మన రొయ్యను మనం తినేది చాలా తక్కువ, దాదాపు అంతా బయటికి పోవాల్సిందే. కొనేవాడికి మాత్రం ఈక్వెడార్, వియత్నాం, ఇండోనేషియా ఉన్నాయి. ఉండి, ఆకివీడు చెరువులు సగం ఎండిపోయినా అమెరికాలో రొయ్యకు కరువు రాదు. ఈక్వెడార్ అమెరికాకు దగ్గర కూడా. 2025 ఆగస్టు చివరికి మన మీద సుంకం 50 శాతం, వాళ్ల మీద 15. వాళ్లు ఎక్కువగా తలతో ఉన్న రొయ్యను చైనాకు పంపేవారు. ఒలిచి నరం తీసిన రొయ్యలో మనదే పైచేయిగా ఉండేది, మన ప్లాంట్లలో ఒలిచే ఆడవాళ్ల చేతి పని వల్ల. ఇప్పుడు వాళ్లూ ఒలిచి పంపడం పెంచుతున్నారు. నాకు అన్నిటికన్నా భయంగా ఉన్నది ఇదే. సుంకం తగ్గినా పోయిన కొనుగోలుదారు వెంటనే వెనక్కి రాడు.

మన తప్పూ ఒకటుంది. రేటు బాగుందంటే అందరం ఒకేసారి పిల్ల వేస్తాం, లీజులు పెంచేస్తాం. నాలుగు నెలలకు అందరి సరుకూ ఒకే వారంలో అమ్మకానికొస్తుంది, అప్పుడు రేటు పడుతుంది.

మీరు లీజుకు తీసుకుంటానంటున్నారు కాబట్టి, మొత్తం వనామీ వేయకండి. నేను ఇప్పుడు సగం చెరువుల్లోనే, అదీ నెల తేడాతో వేస్తున్నాను. మిగతా సగంలో శీలావతి, బొచ్చె వేశాను. లాభం తక్కువే, కానీ ఆ చేప బెంగాల్, అస్సాం వైపు లారీల్లో పోతుంది, అమెరికా సుంకం దాన్ని అంటదు.